నాలుగొందల బస్తాల పంచదార

మా ఇంటికి మిలటరీ లారీ వచ్చిందంటే నవ్వకండి. నిజంగానే వచ్చింది. లా పాజ్ పట్నంలో, కొండవాలు మీద మా సందు ఎక్కాలంటే గాడిద కూడా ఒక క్షణం ఆగి ఆలోచిస్తుంది. అలాంటి సందులోకి దూరి, ముందుకి పోలేక వెనక్కి రాలేక, పొగ కక్కుకుంటూ ఇరుక్కుపోయింది ఆ లారీ. అందులోంచి తుపాకులతో సిపాయిలు దిగారు, మెడలో కెమెరాతో పేపరు మనిషి దిగాడు, చిట్టచివర టై సర్దుకుంటూ ఇటూరిగారు దిగారు. ధరల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఆయన. జనం దాచిపెట్టిన సరుకు పట్టుకోవడం ఆయన ఉద్యోగం.

"హిలారియా చుకిమియా ఎవరు?"

"నేనే. లారీకి దారి చెప్పాలా, మీకు చెప్పాలా?" అన్నాను. నా నోరు అలాంటిది. ఈ నోటితోనే ఇన్నాళ్ళు బతికాను, దీంతోనే అప్పుడప్పుడు చచ్చాను కూడా.

"నువ్వు పంచదార దాచావని ఫిర్యాదు వచ్చింది."

ఎవరిచ్చారో చూడక్కర్లేదు. ఎదురింటి ఫెలీపా తలుపు సందులోంచి టోపీ అంచు ఒక్కటే కనిపించేలా నిలబడి ఉంది. వారం ముందు నేను అయిదు కిలోల పంచదార దుప్పట్లో చుట్టి వీపున వేసుకుని తెస్తుంటే, "ఏం హిలారియా, మళ్ళీ నెల తప్పావా, కడుపు వీపు వైపు వచ్చిందేంటి?" అని పలకరించిన మహాతల్లి ఆవిడే.

అయిదు కిలోల పంచదారకి మిలటరీ ఏంటంటారా? ఎనభై అయిదో సంవత్సరం జనవరి అది. ధరలు పెరిగిపోతున్నాయని జనం ఏడిస్తే, ధరలు పెరగకూడదని ప్రభుత్వం కాయితం మీద రాసింది. జీతాలు చాలటం లేదని ఏడిస్తే, నోట్లు ఇంకో నాలుగు బండ్లు అచ్చేసి పంచింది. రెండు పనులూ చేసి చేతులు దులుపుకుంది. పంచదార బస్తా ధర ఆగస్టులో రాశారు. జనవరికి ఆ డబ్బుకి రెండు రొట్టెలొచ్చేవి. రెండు రొట్టెల డబ్బుకి బస్తా పంచదార అమ్మే వెర్రివెంగళప్ప ఎవడుంటాడు? కొట్లన్నీ ఊడ్చినట్టు ఖాళీ. మా పంచదార రాత్రికి రాత్రి సరిహద్దు దాటి పెరూ పోయేది, అక్కడో వారం ఉండి, అత్తారింటికెళ్ళి బలిసొచ్చిన పిల్లలా పదింతల ధరతో మళ్ళీ మా సంతకే వచ్చేది. నేను కొన్నది అదే.

తినడానికి కాదు. పనికి. నేను కుట్టేది బస్తాలు. బొటనవేలంత బస్తాలు.

జనవరి ఇరవై నాలుగున మాకు ఏకేకో సంత. ఏకేకో మా పొట్టి దేవుడు. మీసాలు, బొజ్జ, నోట్లో సిగరెట్టు, ఒంటినిండా వేలాడే మూటలు. ఆ ఏడాది మీకేం కావాలో దాన్ని చిట్టి రూపంలో ఆ రోజు మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకి కొనుక్కోవాలి. ధూపం వేయించి ఆయన మెడకి తగిలిస్తే ఏడాది తిరక్కుండా అసలుది ఇంటికొస్తుంది. ఇల్లు కావాలా, అరచేతిలో ఇల్లు. ప్రయాణం కావాలా, చిట్టి పెట్టె. డబ్బు కావాలా, చిట్టి నోట్లు. అయితే పన్నెండు కొట్టేసరికి చేతిలో ఉండాలి. దాటిందంటే అది ఉత్త బొమ్మ.

ఈ బొమ్మ అనే మాట పండక్కి ముందు మా నోటి వెంట రాకూడదు. అమ్మేవాళ్ళే ఆ మాటంటే దేవుడు అలుగుతాడు, ఇంట్లో సరుకంతా చచ్చిన సరుకవుతుంది. మా అమ్మ నా మూతి మీద రెండు వాయించి మరీ నేర్పిన సంగతి ఇది. ఇంకోటి కూడా నేర్పింది. మిగతావాళ్ళు రంపంపొట్టు నింపుతారు, మనం మాత్రం పంచదార బస్తాలో పంచదారే పొయ్యాలి, దేవుడి దగ్గర దొంగ తూకం పనికిరాదు అని. అందుకే నా సరుక్కి పేరు.

ఆ యేడు చిట్టి నోట్లు మాత్రం నేను అచ్చేయించలేదు. చిట్టి నోటుకి పట్టే కాయితం ఖరీదు కంటే అసలు నోటే చవక. పైగా అడిగేవాడు లేడు. "డబ్బెందుకే తల్లీ, ఉన్నదాంతోనే పొయ్యి రాజేస్తున్నాం. పంచదార ఉంటే ఇయ్యి," అనేవాళ్ళు జనం.

సరే, లారీ దగ్గరికొద్దాం. సిపాయిలు మంచం ఎత్తారు, ఎండుదుంపల మూట పొడిచారు, చివరికి ఖాళీ గోనెసంచి ఒకటి దొరికింది. ఇటూరిగారు దాన్ని దులిపి చూసి, "సరుకేదీ?" అని గద్దించారు. అప్పుడు ఆయన కళ్ళు గోడవార అరల మీద పడ్డాయి. వరసలు వరసలుగా నా బస్తాలు. పంచదార, బియ్యం, పిండి, పక్కన చిట్టి నూనె డబ్బాలు.

"ఇవేంటి?"

బొమ్మలండీ అంటే అయిపోయేది. లారీ వెళ్ళిపోయేది, సిపాయిలు నవ్వుకునేవాళ్ళు, నేను దుంపలు ఏరుకునేదాన్ని. కానీ పండగ నాలుగు రోజుల్లో ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, మా అమ్మ చెయ్యి గుర్తొచ్చి వెనక్కి పోయింది.

"పంచదారండి," అన్నాను.

"పంచదారా?"

"బస్తాలండి. మంచి పంచదార."

ఆయన ఒకటి తీసి కొసన చించి వేలితో నాకి చూశారు. ఆ మనిషి పంచదార రుచి చూసి ఎన్నాళ్ళయిందో పాపం, కళ్ళు మూతలు పడ్డాయి. ఇంకో వేలు పెట్టారు. "పంచదారే," అన్నారు మెత్తగా. తర్వాత సందులో ఇరుక్కున్న లారీ వైపు చూశారు, కెమెరా వైపు చూశారు. కొండని తవ్వి ఎలకని పట్టారని పేపర్లో రాస్తే ఆయన గతేంటో ఆయన మొహంలోనే కనపడింది.

"ఎన్ని బస్తాలు?"

"నాలుగొందలండి."

రాసేసుకున్నారు. నాలుగొందల బస్తాల పంచదార. సిపాయిల్లో పెద్దాయన గొంతు సవరించుకుని, "సారూ, బస్తా అంటే మరీ..." అన్నాడు.

"బస్తా కాదా ఇది? మూతి కట్టి లేదూ? మీద పంచదార అని రాసి లేదూ? నువ్వు చెప్పు, ఏంటిది మరి?"

ఆ పెద్దాయనా కొండమీది మనిషే. ఆ మాట ఆయన మాత్రం ఎలా అంటాడు? తలవంచుకుని, "బస్తానేనండి," అన్నాడు.

అన్నిట్నీ ఒక దుప్పట్లో వేస్తే ఒక్క సిపాయి చంకన పెట్టుకుపోయాడు. పేపరు మనిషి నేలమీద బోర్లా పడుకుని, బస్తాల గుట్టకి ముక్కు ఆనించి ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో చూస్తే నా బస్తాలు ఇల్లిమానీ కొండంత ఉన్నాయి. గోరంతలు కొండంతలు చెయ్యడం అంటే అదేనని నాకు ఆ రోజే తెలిసింది. బియ్యం, పిండి, నూనె కూడా ఊడ్చుకుపోయారు. నిరుటి సంతలో అమ్ముడుపోని చిట్టి పెట్టె ఒకటి ఉండేది, గుర్రపు జీను రంగుది. పెట్టెలకి ప్రభుత్వం ధర కట్టలేదు కనక దాన్ని వదిలేశారు.

లారీ కదిలాక ఫెలీపా బయటికొచ్చింది. "అయ్యయ్యో హిలారియా! అయితే ఈసారి నీ చోటు ఖాళీయేనా?" అంది. ఆ గొంతులో పంచదార ఉంది, చూశారూ, అది ఏ ఇన్‌స్పెక్టరూ పట్టుకోలేడు.

దాని ఏడుపంతా నా చోటు మీద. సంతలో తిండిసరుకుల వరసలో, మలుపు దగ్గర, మా అమ్మ నుంచి నాకొచ్చిన చోటు అది. మా సంఘం కట్టుబాటు ఏంటంటే, పండగ రోజు పన్నెండు కొట్టేసరికి ఆ వరసలో ఎవరి చోట తిండిసరుకు లేదో వాళ్ళ చోటు పోయినట్టే. జాబితాలో తర్వాత పేరున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. తర్వాత పేరు ఫెలీపాది. ఆ చోటు పోతే నాకు ఏడాది కూడు పోయినట్టు. మా అమ్మ ముప్ఫయ్యేళ్ళు కూర్చుని నేల నునుపు చేసిన చోటు దాని పిరుదుల కిందికి పోవడం ఇంకో ఎత్తు.

మర్నాడు పేపరు చూసి ధరల ఆఫీసుకి పరిగెత్తాను. ఇటూరిగారు కాయితాల వెనక నక్కి ఉన్నారు.

"సారూ, ఆ బస్తాలు... కాస్త చిన్నవి సారూ."

"నా రిపోర్టులో ఎన్ని బస్తాలని అడుగుతారు గానీ ఎంత బస్తాలని అడగరమ్మా," అన్నారు. అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఖాళీ లారీతో వెనక్కొచ్చిన ఇద్దర్ని పోయినవారమే తీసేశారు. నేనేం చెయ్యను? పైగా మంత్రిగారు రేడియోలో చెప్పేశారు. ఇరవై నాలుగు పొద్దున పెద్ద చర్చి ముందు ప్రభుత్వ ధరకి పంపకం. కుటుంబానికో బస్తా."

"మంత్రిగారు చూశారా వాటిని?"

"పేపర్లో చూశారు," అని ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి ఏడిచాను. అబద్ధమెందుకు, గట్టిగానే ఏడిచాను. మళ్ళీ పంచదార కొని కుట్టడానికి చేతిలో డబ్బూ లేదు, పండక్కి రోజులూ లేవు. అప్పుడు బసీలియా వచ్చింది. సంతలో నా పక్కచోట చిట్టి ఇళ్ళు అమ్ముతుంది. మా పిల్లకి జ్ఞానస్నానం చేయించింది కనక వదినా అని పిలుచుకుంటాం. వేడివేడి జొన్న జావ నా చేతిలో పెట్టి, అంతా విని, "దీనికి ఏడుపెందుకే?" అంది.

"ఏడవకుండా నవ్వమంటావా?"

"ప్రభుత్వం నీ సరుకు అమ్ముతోందిగా. వెళ్ళి కొనుక్కో."

"నా సరుకు నేను కొనుక్కోవడమేంటే, సిగ్గు లేకుండా!"

"ప్రభుత్వ ధరకే వదినా! రెండు రొట్టెల డబ్బుకి! ఆ ధరకి నీకు లోపలి పంచదార కూడా రాదు. సంతలో పది రొట్టెలకి అమ్ముకోవచ్చు. ఈ దేశంలో అందరూ అసలు పంచదారతో చేసే పనే కదా, మనం చేస్తే తప్పా?"

నేను ఏడుపు ఆపి ఆలోచించాను. కుటుంబానికి ఒకటే ఇస్తారు. "మన వరసలో ఆడవాళ్ళెంతమంది?" అన్నాను. బసీలియా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

ఇరవై నాలుగు పొద్దున మేం వెళ్ళేసరికే చర్చి ముందు జనం. పేపర్లో ఫోటో చూసి తోపుడుబళ్ళతో వచ్చినవాళ్ళున్నారు. తాళ్ళు భుజాన వేసుకుని కూలీలున్నారు. మొదట నిలబడింది ఎల్యూతేరియో తాత, పాత రైల్వే మనిషి. బస్తా మోయించుకోవడానికి ఒక కూలీని కూడా మాట్లాడి తెచ్చుకున్నాడు. ఆ వెనక కాస్త దూరంలో మా సంత ఆడవాళ్ళం నలభైమంది, టోపీలు ముందుకి లాక్కుని, ఒకళ్ళకొకళ్ళం తెలియనట్టు.

పదకొండుకి ఇటూరిగారు వచ్చారు. ముందు సిపాయిలు, వెనక బల్ల, బల్లమీద అట్టపెట్టె ఒకటి. జనం ఆ పెట్టె వెనక లారీ కోసం చూస్తున్నారు. లారీ రాలేదు. ఇటూరిగారు ఎవరి మొహమూ చూడకుండా డబ్బు తీసుకుని, చీటీ మీద ముద్ర కొట్టి, పెట్టెలో చెయ్యి పెట్టి, తాత అరచేతిలో ఒక బస్తా పెట్టారు.

తాత దాన్ని చూస్తున్నాడు. వెనకవాళ్ళు మెడలు చాపి చూస్తున్నారు. ఎవరో, "ఏంటది?" అన్నారు. ఎవరో వంగి రాయి తీశారు. పది నిమిషాల్లో ఆ బల్ల తగలబడుతుంది, బల్లతో పాటు నా బస్తాలూ పోతాయి, ఇంకో గంటలో మా అమ్మ చోటులో ఫెలీపా కూర్చుంటుంది.

అప్పుడు లేచింది నా నోరు.

"తాతా! బరువుగా ఉందా? ఒక్కడివే మొయ్యకు, నడుం పట్టేస్తుంది! కూలీని పిలువు!"

ఆ కూలీ ఎవరో గానీ వాడికి నా నమస్కారం. గంభీరంగా ముందుకొచ్చాడు. చిట్టి బస్తాని వీపున పెట్టుకున్నాడు, నుదుటి మీదుగా తాడు బిగించాడు, మోకాళ్ళు వంచి, మూలుగుతూ, "జరగండి, జరగండి, బరువు సరుకు!" అంటూ అడుగులో అడుగేసుకుంటూ చర్చి ముందు ఒక చుట్టు తిరిగాడు. మొదట తాత నవ్వాడు. తర్వాత రాయి పట్టుకున్నవాడు నవ్వాడు. ఆ నవ్వు క్యూ చివరిదాకా పాకిపోయింది. సిపాయిలు తుపాకులు పట్టుకునే కడుపులు పట్టుకున్నారు. పేపరు మనిషి ఆ కూలీని నాలుగు ఫోటోలు తీశాడు, ఈసారి నిలబడి.

"ఓరేయ్, ఇవాళ ఇరవై నాలుగురా!" అని అరిచాడెవడో. "పన్నెండు ఇంకా కాలేదు!"

అంతే. క్యూ కాస్తా తోపులాట అయింది. ఒక్కొక్కళ్ళూ బస్తా గుప్పిట్లో పట్టుకుని ధూపం వేసేవాళ్ళ కోసం పరుగు. "మొదటిసారి ప్రభుత్వం చెప్పినంతా ఇచ్చిందమ్మా," అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలీదు. మా నలభైమంది నలభై బస్తాలు తెచ్చారు. నావే ఆ బస్తాలు, నా కుట్టు నాకు తెలీదూ? పావడాలు ఎత్తిపట్టుకుని కొండెక్కి పరిగెత్తాం.

వెళ్ళేసరికి ఫెలీపా నా చోటులో అప్పుడే దుప్పటి పరుస్తోంది.

"జరగవే," అన్నాను.

"నీకు సరుకేదీ?"

నలభై బస్తాలు దాని దుప్పటి మీదే గుమ్మరించి, పొద్దున ఇంటినుంచి తెచ్చుకున్న నిరుటి చిట్టి పెట్టె కూడా పక్కన పెట్టాను. దాని మొహం చూడాల్సింది, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని దుప్పటి కూడా వదిలేసి పక్కకి పోయింది. క్యూలో దొరకనివాళ్ళంతా వెనకే ఎగబడ్డారు. పది రొట్టెల ధర చెప్పాను. బేరం ఆడినవాడు లేడు. నోట్లు లెక్కపెట్టే తీరిక ఎవరికుంది, కట్ట మందం చూసి పావడాలోకి తోసేశాను.

పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. జనం పక్కకి తప్పుకున్నారు. ఇటూరిగారు ఆయాసపడుతూ వచ్చి నా ముందు నిలబడ్డారు. చేతిలో ముద్ర అలాగే ఉంది.

"రెండు రొట్టెలకి నేనిచ్చిన సరుకు పది రొట్టెలకి అమ్ముతున్నావు. దీన్ని ఏమంటారో తెలుసా?"

"నల్లబజారు అంటారు సారూ."

"నీ చోటు ఇప్పుడే రద్దు చెయ్యగలను నేను!"

వెనకనించి ఫెలీపా, "చెయ్యండి సారూ, చెయ్యండి!" అంది. నాకు కోపం ముంచుకొచ్చింది.

"మొన్న మీరు నా ఇంటికొచ్చి దొంగ వ్యాపారి అన్నారు. అప్పుడు నేను కాదు. బస్తాలు కుట్టుకునే ఆడదాన్ని. ఇవాళ అయ్యాను. చేసింది మీరే. చెయ్యండి రద్దు, ఇదే సరుకు ఇంకో మనిషి ఇదే ధరకి అమ్ముతుంది. ఎవరెవర్ని రద్దు చేస్తారు? ఈ కొండంతా రద్దు చేస్తారా?"

ఆయన ముద్ర ఎత్తారు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆయన చూపు నా మీద లేదు. బస్తాల పక్కన, నిరుటి చిట్టి పెట్టె మీద ఉంది.

"రేపు పేపర్లో ఆ కూలీ ఫోటో పడుతుంది," అన్నారు, నాతో కాదు, ఆ పెట్టెతో అన్నట్టు. "మంత్రిగారు చూస్తారు."

నాకు ఒక్కసారిగా ఆయన మీద జాలేసింది. ఆపుకోలేక నవ్వు కూడా వచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. టై ఉన్నంత మాత్రాన మనిషి మారతాడా?

"ఆ పెట్టె ఎంత?" అని అడిగారు నెమ్మదిగా.

"ప్రభుత్వ ధరకైతే సరుకు లేదు సారూ."

"తెలుసు. రెండో ధర చెప్పు."

చెప్పాను. తగ్గించలేదు. చర్చి గంట కొట్టడానికి సిద్ధమవుతోంది, అందరూ సరుకు చేతుల్లోకి తీసుకుని పైకెత్తుతున్నారు. ఆయన ముద్ర నా దుప్పటి మీద పెట్టి, రెండు జేబుల్లోంచీ కట్టలు తీసి ఇచ్చి, పెట్టె అరచేతిలో పెట్టుకుని, అందరితో పాటు పైకెత్తారు. ధూపం వేసే ముసలాయన వచ్చి బొగ్గుల పొగ ఊది, పూరేకులు చల్లి, "ప్రయాణం సుఖంగా జరగాలి," అన్నాడు. గంట పన్నెండు కొట్టింది. నా చోట ఇంకా మూడు బస్తాలున్నాయి. సంఘం పెద్దావిడ చూసి తల పంకించి ముందుకెళ్ళిపోయింది.

ఏకేకో మాట తప్పే దేవుడు కాదు. ఇటూరిగారికి ప్రయాణం ఏడాది కాకముందే వచ్చింది. ఉద్యోగం ఊడి, పక్క దేశానికి, బ్యూనస్ ఎయిర్స్ బస్సెక్కారు. అక్కడా పూటకోలా పెరిగే ధరలు చూస్తే సొంత ఇంట్లో ఉన్నట్టే ఉందని కబురు పంపారట.

మా పంచదార కూడా వచ్చింది. ఆగస్టులో కొత్త ప్రభుత్వం వచ్చి, ఒకే ఒక్క కాయితంతో ధరల కట్లన్నీ తెంపేసింది, నోట్లు అచ్చేసే మిషన్లకి తాళం వేసింది. వారం తిరక్కుండా కొట్ల నిండా పంచదార గుట్టలు. క్యూ లేదు, సిపాయి లేడు, రండి కొనండి అని పిలుపులు. గనులు మూసేశారు, ఆఫీసుల్లో జనాన్ని తీసేశారు, కొనడానికి ఎవరి దగ్గరా చిల్లిగవ్వ లేదు. ఫెలీపా ఒక రోజు కొట్టు అద్దానికి ముక్కు ఆనించి ఆ గుట్టలు చూస్తూ, "నీ ఏకేకో మోసం చేశాడే," అంది నాతో.

"మోసమేముంది? నాలుగొందలమంది పంచదార కొన్నారు, పంచదార ఇచ్చాడు," అన్నాను. "ఆ యేడు చిట్టి నోటు అడిగినవాళ్ళెవరే? నువ్వు అడిగావా?"

ఆ తర్వాతి జనవరికి నేను పంచదార బస్తాలు సగమే కుట్టి, చిట్టి నోట్లు బండెడు అచ్చేయించాను. పదకొండు కాకముందే అయిపోయాయి. మొదట కొన్నది ఫెలీపా, నేను ధర తగ్గించలేదు.